జడ్జిగారు ఎక్కని బస్సు

సోమవారం పొద్దున మేముండే శివారు స్వోర్డ్స్ నుంచి సిటీకి వెళ్ళే బస్సులో ఉండగా మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో జడ్జిగారి కూతురి మెసేజ్ వచ్చింది. నాన్నగారు నిద్రలోనే పోయారని. బస్సు ఎయిర్‌పోర్టు దాటేలోపు గ్రూపు నిండా దండాలు పెట్టే చేతులే. కొన్ని నెలలుగా ఆయన్ని పలకరించని వాళ్ళ చేతులు అందరికంటే ముందొచ్చాయి. వాటిలో నావీ ఉన్నాయి. కోపం నాకు అలవాటే. పత్రికల్లో వ్యాసాలు రాసేవాడికి అదే పెట్టుబడి. సిగ్గు మాత్రం అలవాటు లేదు. ఆ పొద్దున తలెత్తి పక్క సీట్లోవాళ్ళ మొహం చూడలేకపోయాను.

ఆయన ఆంధ్రాలో జిల్లా జడ్జిగా రిటైరయ్యారు. భార్య పోయాక, ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుగా ఉన్న కూతురి దగ్గరికి వచ్చేశారు. మా వీధిలో చివరిల్లు. ఊరందరికీ జడ్జిగారు, నాకు అంకుల్. రోజూ కోర్టుకు బయల్దేరినట్టే కోటు, టై, పాలిష్ చేసిన బూట్లతో బస్‌స్టాపుకి వచ్చి నిలబడేవారు. బస్సొస్తే మేమంతా ఎక్కేవాళ్ళం, ఆయన ఎక్కేవారు కాదు. డ్రైవరు స్టీరింగు మీంచి ఒక వేలు పైకెత్తేవాడు. ఈ దేశంలో నమస్కారమంటే అంతే. అంకుల్ చెయ్యెత్తి బదులిచ్చి ఇంటిదారి పట్టేవారు. ఎందుకంకుల్ ఈ పరేడ్ అని అడిగితే, హాజరు పడకపోతే తోచదయ్యా అనేవారు.

సాయంత్రాలు మా ఇంటికొచ్చేవారు. నా పేరు ఎప్పుడూ పిలవలేదు, 'విప్లవంగారూ' అనేవారు. వచ్చిన ఏడాదిలోనే, ఇక్కడివాళ్ళలా, బాగుందనడానికి బదులు దేనికైనా 'గ్రాండ్' అనడం నేర్చుకున్నారు. టీ చల్లారిపోయినా గ్రాండే, మోకాళ్ళు పట్టేసినా గ్రాండే. ఒక్క నా వ్యాసాలకి మాత్రం ఆ మాట దక్కలేదు.

మా తగువంతా అమెరికా మీద. అక్కడ చాలా రాష్ట్రాల్లో నియోజకవర్గాల గీతలు గీసేది గెలిచిన పార్టీయే. ఎదుటివాళ్ళ ఓట్లని కొన్నిచోట్ల ముక్కలు చేసి, కొన్నిచోట్ల కుప్పపోసి, ఓడినా గెలిచేలా గీసుకుంటారు. ఆ గీతలు చెల్లుతాయో లేదో తేల్చాల్సిన రాష్ట్ర పైకోర్టు జడ్జీలు కూడా చాలాచోట్ల ఓట్లడిగి గెలిచినవాళ్ళే. ఒక రాష్ట్రంలో ఆ కోర్టు అలా గీసిన పటం చెల్లదంది. ఎన్నికలొచ్చి జడ్జీలు మారారు. అదే కోర్టు, అదే రాజ్యాంగం, ఇలాంటివి తేల్చడం మా పని కాదంది. అది అన్యాయమని నేను నిప్పులు కక్కాను. ఇంకో రాష్ట్రంలో నేను మెచ్చే పక్షం మనిషి జడ్జిగా గెలిచి, అవతలివాళ్ళ పటం కొట్టుడుపోయింది. అది ప్రజా విజయమని రాశాను.

అంకుల్ రెండు వ్యాసాలూ పక్కపక్కన పెట్టుకుని చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను ఊరుకుంటానా? జడ్జి ఎన్నిక రాష్ట్రమంతటికీ ఒకటే, దాన్ని ముక్కలు చెయ్యడానికి గీతలు పనిచెయ్యవు, అసెంబ్లీ దారి మూసేసినచోట జనానికి మిగిలిన తలుపు అదొక్కటే అన్నాను. ఆ మాట ఇవాళ్టికీ వెనక్కి తీసుకోను.

"తలుపే, కాదన్ను," అన్నారాయన. "కానీ ఆ తలుపులోంచి లోపలికొచ్చినవాడు గడియ తీసే ఉంచాలి విప్లవంగారూ. మనవాడేగా అని గడియేస్తే, తలుపేంటి గోడేంటి?"

ఇక్కడి స్థానిక ఎన్నికల కౌంటింగుకి ఒకసారి ఆయన్ని తీసుకెళ్ళాను. బ్యాలెట్లు విప్పుతుంటే ప్రత్యర్థి పార్టీలవాళ్ళు కంచె ఇవతల భుజాలు రాసుకుంటూ నిలబడి, తలా ఒక టేబుల్ పంచుకుని, ఎవరికెన్ని పడుతున్నాయో చూసి ఆ లెక్కలు ఒకరికొకరు ఇచ్చేసుకుంటారిక్కడ. ఆయన ఆ కంచె దగ్గర్నుంచి కదలనంటే కదలనన్నారు. తిరుగుదారిలో ఒకటే మాట: "వీళ్ళకి ఓడిపోవడం వచ్చయ్యా."

మాకు రాదు. మా సంఘంలో సిటీకి ఉత్తరాన స్వోర్డ్స్, దక్షిణాన చెర్రీవుడ్, దూరంగా నైరుతిన నేస్ అని ఏరియాలున్నాయి. ఏరియాకింతమందని కమిటీకి ఎన్నికవుతారు. ఆదివారం తెలుగు బడి ఎక్కడ నడపాలో ఆ కమిటీ తేలుస్తుంది. అప్పట్లో కమిటీ నడిపిన అవతలి ప్యానెల్ కొత్త పటం తెచ్చింది. మా వీధిని గీత చేసి, ఇటుపక్క ఇళ్ళని నేస్‌లో, అటుపక్కవాటిని చెర్రీవుడ్‌లో కలిపింది. స్వోర్డ్స్ వాళ్ళు రెండుచోట్లా పిడికెడే అవుతారు, మా బడి ఎత్తిపోతుంది. ఎయిర్‌పోర్టు షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు పిల్లల్ని రెండు బస్సులు మార్చి ఎక్కడికి తీసుకుపోతారు?

తగవులు తేల్చే పెద్దని కూడా ఓట్లతోనే ఎన్నుకోవాలని మా సంఘం నియమం. మా ప్యానెల్ అంకుల్‌ని నిలబెట్టింది. ఆయన ఎవర్నీ ఓటడగలేదు, అడగాల్సినవన్నీ నేనే రాశాను. గెలిచారు, ఆ పటం కొట్టేశారు. తీర్పు ఒకే వాక్యం. ఒక స్టాపులో ఒక బస్సు కోసం నిలబడేవాళ్ళ మధ్య గీత ఉండకూడదు. రోజూ పొద్దున ఆయన అక్కడ చూస్తున్నదేమిటో అప్పుడు తెలిసింది.

తర్వాత కమిటీ మా చేతికొచ్చింది. మేమూ ఒక పటం తెచ్చాం. చెర్రీవుడ్ కొత్త అపార్టుమెంట్లని రెండు ముక్కలు చేసి, ఒక ముక్క స్వోర్డ్స్‌లో, ఒక ముక్క నేస్‌లో కలిపాం. వాళ్ళు చేసిందేగా అన్నాం. అంకుల్ నన్ను పిలిపించారు.

"చెర్రీవుడ్ ఎక్కడ, స్వోర్డ్స్ ఎక్కడ? మధ్యలో సిటీ అంతా ఉంది కదయ్యా. సిటీని తప్పించుకుని సముద్రం మీంచి వచ్చి ఓటేస్తారా?"

"మిమ్మల్ని గెలిపించింది మేమంకుల్."

"అవును. అందుకే ముందు మిమ్మల్నే అడుగుతున్నా."

అదీ కొట్టేశారు. ఆ తర్వాత ఉగాదికి ఆయన్ని వేదిక మీదికి పిలవలేదు. పిల్లల బహుమతులకి వేరే పెద్దమనిషిని వెతికారు. ఎవరూ తీర్మానం చెయ్యలేదు, అందరికీ తెలుసంతే. బస్‌స్టాపులో నేను ఫోనులో తలపెట్టుకుని నిలబడేవాణ్ణి. చదివేది ఏమిటంటే అమెరికాలో జడ్జీల స్వతంత్రత. ఆయన మాత్రం మానలేదు, ఏం విప్లవంగారూ, ఇవాళ ఏం కూల్చారు అని అడిగేవారు. నేను నవ్వినట్టు నోరు కదిపేవాణ్ణి.

సంతాపసభకి రెండు ప్యానెళ్ళూ వచ్చాయి. నిష్పాక్షికత అన్న మాట అందరి నోటా అలవోకగా వచ్చింది. సభయ్యాక టీ దగ్గర మా కన్వీనర్ నా భుజం మీద చెయ్యేశాడు.

"అన్నా, సారు సీటు ఖాళీ అయింది గదా. మనోణ్ణి నిలబెడదాం, ఈసారి మ్యాప్ పాసైతది. సారు మీద జర మంచిగ రాయి, జనం ఏడ్వాలె. ఆఖర్న మనోడి పేరు పెట్టు."

ఆయన కూతురు మా వెనకే బిస్కెట్ల ప్లేటు పట్టుకుని ఉన్నారు. విన్నారు. నా కప్పు వైపు చూసి, "చక్కెర సరిపోయిందా అండీ?" అని మాత్రం అడిగారు. సరిపోయిందన్నాను. 

కన్వీనర్ రాయమన్నది ఓట్లడిగే రాత. నేను రాసింది ఇది. చివర్లో ఏ పేరూ లేదు. ఆ పటం మళ్ళీ వస్తే నా ఓటు దానికి వ్యతిరేకం. మా ప్యానెల్ మిత్రులు ఆ సంగతి నా నోట వినేముందు ఇక్కడే చదువుకోవచ్చు.

సభ మర్నాడు పొద్దున వాన. స్టాపులో అందరం షెల్టరు కిందికి ఒదిగాం. మా ఎదురింటాయన అవతలి ప్యానెల్ కార్యదర్శి, మా వీధిని గీత చేసింది ఆయనే. ఆయన భుజం నా భుజానికి తగులుతోంది, జరగడానికి ఇద్దరికీ చోటు లేదు. షెల్టరు అంచున అంకుల్ రోజూ నిలబడే స్తంభం దగ్గర మాత్రం ఎవరూ నిలబడలేదు, అక్కడ తడి లేకపోయినా. బస్సొచ్చింది. డ్రైవరు అలవాటుగా ఆ స్తంభం వైపు వేలెత్తి, అలాగే ఆగిపోయాడు. ఎదురింటాయనా నేనూ ఒకేసారి చెయ్యెత్తాం.