స్టాఫ్ రూము నుంచి వెళ్లిన మెసేజి

మా సోషల్ మాస్టారు పోయిన మంగళవారం కాలం చేశారు. నాకు ఎవరూ కబురు పెట్టలేదు. నర్సీపట్నం మార్కెట్లో కూరలు కొంటుంటే, మా ఇద్దరి దగ్గరా చదువుకున్న ఆటోడ్రైవరు చెప్పాడు. చెప్తూ ఏడ్చాడు. నేను పోతే వీడు ఇలా ఏడుస్తాడా అనుకున్నాను. నాకు ముందు తట్టిన ఆలోచన అదే.

హైస్కూల్లో పదకొండేళ్లు పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పాం. నాది తెలుగు. మూడు బీరువాల పుస్తకాలు చదివినవాణ్ణి. ఆయన సంచిలో ఉండేవి రెండు దినపత్రికలు, ఒక కత్తెర. ఒకే వార్తను రెండింట్లోంచీ కత్తిరించి బోర్డుకు అంటించి, "దీంట్లో ఉండి దాంట్లో లేనిదేటి?" అనేవారు. ఎనిమిదో తరగతి గది సంతలా లేచేది. గోడకు ఇవతల నా పద్యం వినే దిక్కుండేది కాదు. ఎదురు ప్రశ్న వేసినవాణ్ణి నేను బెంచీ ఎక్కించేవాణ్ణి. ఆయన ఆ ప్రశ్న రాసుకుని మర్నాడు జవాబు తెచ్చేవారు. "నమ్మొద్దనడం లేదర్రా, అడిగి నమ్మమంటున్నాను" అన్నది ఆయన మాట. రిటైరయ్యాక పిల్లలు ఆయన్ని పెళ్లిళ్లకు పిలిచేవారు. నాకు శుభలేఖ ఫోన్లో వచ్చేది.

ఫోన్లలో తిరిగే మెసేజీలకు ఆయన ఒక పద్ధతి పెట్టారు. ఎవరు పంపారు, వాళ్లకెవరు పంపారు అని పిల్లలు వెనక్కి అడుగుతూ పోయి నోటుబుక్కులో రాయాలి. కళ్లారా చూసిన మనిషి దొరికేదాకా ఆగకూడదు.

ఒక ఏడు, కొండచీపుర్లు అమ్మే ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని ఒక మెసేజి తిరిగింది. ఆయన క్లాసు పిల్ల ఒకతి రెండు రోజులు అడుగుతూ వచ్చి, స్టాఫ్ రూములో నా కుర్చీ ముందు ఆగింది.

"మా నాన్నకి మీరే పంపినారంటండి. మీకెవులు పంపినారండి?"

"మా బావమరిది."

"ఆయన సూసినారా అండి?"

నేను హాజరుపట్టీ తెరిచాను. పక్క కుర్చీలోంచి సోషల్ మాస్టారు నవ్వారు. "ఇన్ని పుస్తకాలు సదివినారు, ఈ ముక్క అడగనేదా మాస్టారూ?" ఆ నవ్వును నేనింకా క్షమించలేదు.

ఆ మధ్యాహ్నమే గేటు దగ్గర తల్లిదండ్రులు చీపుర్లమ్మే ఒకామెను పట్టుకున్నారు. "రండి, మీరే పంపినారని మీ నోటితో సెప్తే ఇంటారు" అన్నారాయన. నేను లేవలేదు. ఆయనొక్కరే వెళ్లారు.

"ఆమెనొగ్గీండి. ఆ మెసేజి మా స్టాఫ్ రూమునుంచే ఎల్లింది. అబద్ధమది. తప్పు మాది."

"మాస్టారై ఉండి పంపినారేటి? సిగ్గునేదా మీకు?" అంది ఒక తల్లి.

ఆయన కాదనలేదు. నా పేరు ఎత్తలేదు. పంపింది ఆయనేనని ఊరు అనుకుంది, నేను అనుకోనిచ్చాను. మార్కెట్ నుంచి ఆ ఆటోలోనే వెళ్తే, ఆయన శవం దగ్గర కూడా ఒకాయన ఆ సంగతే ఎత్తాడు. అప్పుడూ ఊరుకున్నాను. ఆ మెసేజి పంపింది నేను. ఇది రాస్తున్నప్పుడు కూడా, రాసినందుకు మెచ్చుకోలు ఆయనకే పోతుందని కుళ్లుగానే ఉంది.

ఆరోజు స్టాఫ్ రూము కిటికీలోంచి చూశాను. జనం కదిలాక ఆయన రోడ్డు మీద చెదిరిన చీపుర్లు ఏరి, కట్ట కట్టి, ఆమె నెత్తికెత్తారు. ఇద్దరూ బస్టాండు వైపు నడిచారు. ఆమె ముందు, ఆయన రెండడుగులు వెనక, కట్ట జారితే పట్టుకోవడానికి ఒక చెయ్యి పైకెత్తి.