పైడమ్మ పిన్నికి నేను చదవని నాలుగు వాక్యాలు

2003లో భిలాయ్ సెక్టర్ 4 మార్కెట్లో నేనొక బ్రౌజింగ్ సెంటర్ నడిపేదాన్ని. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక స్కానరు, ప్లైవుడ్ అడ్డాలతో నాలుగు క్యాబిన్లు. అప్పటికి ఇళ్ళల్లో ఇంటర్నెట్ బాగా తక్కువ. మా దగ్గరా డయల్-అప్ కనెక్షనే, అంటే టెలిఫోన్ లైను మీద నడిచేది. ఫోన్ లైను తెగితే నెట్టూ తెగేది. పరీక్షల ఫలితాలు చూసుకునే పిల్లలు, ఉద్యోగాలకు దరఖాస్తులు పంపేవాళ్ళు ఎక్కువగా వచ్చేవారు. ఇంగ్లిష్ రానివాళ్ళకు ఉత్తరాలు చదివిపెట్టడం, జవాబులు టైపు చేసిపెట్టడం కూడా నా పనే. ఆ పనిలో నాకు మంచి పేరుండేది.

పైడమ్మ పిన్ని ఒక మధ్యాహ్నం వచ్చింది. దగ్గర్లోని ఖుర్సీపార్‌లో ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. నా జాకెట్లు కూడా ఆవిడే కుట్టేది. విజయనగరం దగ్గరి పల్లె నుంచి పెళ్ళయి వచ్చి అప్పటికి పాతికేళ్ళు దాటింది. భర్త అప్పారావు గారు స్టీల్ ప్లాంటులో పనిచేసేవారు. క్యాబిన్లన్నీ ఖాళీ అయ్యేదాకా కూర్చుని, అప్పుడు సంచిలోంచి ఆసుపత్రి కాగితాలు తీసింది. రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలి, రెండు నెలల కిందట ఎడమ రొమ్ము తీసేశారట. కీమో ఇస్తున్నారట.

ఆవిడకి అడగాల్సినవి చాలా ఉన్నాయి, అడగడానికి మనిషి లేదు. డాక్టరుగారు హిందీలో గబగబా చెప్పి పంపేస్తున్నారు. కొడుకులిద్దరూ ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు, తెలుగు అంతంతమాత్రం. అయినా ఈ సంగతి కొడుకులతో ఏ భాషలో మాట్లాడుతుంది?

"ఈ జబ్బొచ్చిన ఆడోళ్ళు ఇందులో ఒకలికొకలు రాసుకుంతారట కదా. నర్సమ్మ సెప్పింది. నాకు సదివిపెడతావేటమ్మా?" అంది.

వెతికితే అలాంటి ఫోరం ఒకటి దొరికింది. ఫోరం అంటే నలుగురూ చేరి రాసుకునే చోటు. ఒకరు ప్రశ్న పెడితే, తెలిసినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో జవాబిస్తారు. పిన్నిని 'పైడి' అనే పేరుతో చేర్పించాను. ప్రతి మంగళవారం మధ్యాహ్నం వచ్చేది. తను చెప్పింది నేను ఇంగ్లిష్‌లో టైపు చేసేదాన్ని. మరుసటి వారానికి వచ్చిన జవాబులు ప్రింటు తీసి తెలుగులో చెప్పేదాన్ని.

మొదటి ప్రశ్న చేతి వాపు గురించి. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి ఉబ్బుతోంది, మిషన్ తొక్కవచ్చా అని. ముగ్గురు జవాబిచ్చారు. ముందు డాక్టరును అడగమన్నారు. ఆయన సరేనన్నాక, వేళ్ళను గోడ మీద మెల్లమెల్లగా పైకి పాకించే వ్యాయామం చేయమన్నారు. నా క్యాబిన్ గోడ మీదే చేసి చూపించింది.

తర్వాత ఒకసారి వాళ్ళకే ఆవిడ ఒక సంగతి చెప్పింది. జాకెట్ లోపల పెట్టుకోవడానికి తనే ఒక మెత్త కుట్టుకుంది. దూది పెడితే బరువు చాలక పైకి జరిగిపోతోందని, గుడ్డ మధ్యలో ఆవాలు పోసి కుట్టింది. అది రాస్తే ఆ వారం పదకొండు జవాబులొచ్చాయి, ఎలా కత్తిరించాలో చెప్పమని. పిన్ని కాగితం మీద కొలతలు గీసిస్తే స్కాన్ చేసి పెట్టాను. ఆ జవాబులు రెండుసార్లు చదివించుకుంది. అంత సంతోషంగా ఆవిడను మళ్ళీ చూశానో లేదో గుర్తులేదు.

తర్వాత కొన్ని వారాలకు, పిన్నికి తరచూ రాసే ఒకావిడ చనిపోయిందని ఆవిడ కూతురు ఫోరంలో రాసింది. ఉన్నది ఉన్నట్టు చదివేశాను. పిన్ని లేచి వెళ్ళిపోయింది. రెండు మంగళవారాలు రాలేదు. అప్పారావు గారు మార్కెట్లో కనిపించి, కీమోకి రానంటోందమ్మా, నువ్వొకసారి చెప్పు అన్నారు. ఇంటికి వెళ్ళి బతిమాలాను. ఒక వారం ఆలస్యంగానైనా వెళ్ళింది.

ఆ రోజు వాళ్ళింటి నుంచి తిరిగొస్తూ నేనొక నిర్ణయం తీసుకున్నాను. ఇకమీద ధైర్యం చెప్పే మాటలే చదువుతాను, మిగతావి వదిలేస్తాను అని. అలా చేయమని నన్నెవరూ అడగలేదు. ప్రింటు తీసేముందే జవాబులు ఏరేదాన్ని. పిన్ని మళ్ళీ తేరుకుంది, కీమో పూర్తయింది, జుట్టు మొలవసాగింది. మంచి పనే చేస్తున్నానని నాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది.

చలికాలంలో ఆవిడకు నడుం నొప్పి మొదలైంది. మూడు వారాలైనా తగ్గలేదు, పడుకుంటే ఎక్కువవుతోంది అంది. అదే రాశాను. రెండు జవాబులొచ్చాయి. ఒకావిడ, మిషన్ మీద వంగి కూర్చోవడం వల్ల కావచ్చు, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో అని రాసింది. రెండో ఆవిడ కెనడాలో నర్సుగా చేసి, తనకూ ఇదే జబ్బు వచ్చిన మనిషి. ఆవిడ రాసినవి నాలుగే వాక్యాలు. ఈ జబ్బు వచ్చినవాళ్ళు తగ్గని నడుం నొప్పిని మామూలు నొప్పి అనుకోకూడదు. చెకప్ దాకా ఆగకుండా ఈ వారమే డాక్టరుకు చూపించుకో. స్కాన్ అవసరమా అని నువ్వే అడుగు. కాళ్ళు తిమ్మిరెక్కినా పట్టు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళు.

నేను మొదటి జవాబు మాత్రమే ప్రింటు తీశాను. రెండోది చదివితే మళ్ళీ భయపడి ఇంట్లో కూర్చుంటుందనుకున్నాను. చెకప్ ఎలాగూ నెల రోజుల్లో ఉంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. "విశ్రాంతి తీసుకోమన్నారు పిన్నీ, తగ్గకపోతే చెకప్‌లో చెప్పమన్నారు" అన్నాను. ఆ రెండో మాట ఎవరూ రాసింది కాదు, నేను కల్పించింది.

"అయితే పెద్దదేటి కాదన్నమాట," అని నవ్వుతూ వెళ్ళింది.

పద్దెనిమిది రోజుల తర్వాత అప్పారావు గారు వచ్చారు. నాలుగు రోజులుగా కాళ్ళు తిమ్మిరిగా ఉన్నాయంటే విశ్రాంతితో తగ్గుతుందనుకున్నారట. ఆ పొద్దున మంచం దిగబోతే కాళ్ళు నిలవలేదు. జబ్బు వెన్నెముకకు పాకి నరాలను నొక్కేసింది. రాయ్‌పూర్ తీసుకెళ్ళి కరెంటు పెట్టించారు, అంటే రేడియేషన్. నొప్పి తగ్గింది కానీ కాళ్ళు తిరిగి రాలేదు. జబ్బును ఆపలేకపోయినా, నొప్పి ఉన్నప్పుడే వచ్చుంటే నడక మిగిలేదేమో అని అక్కడి డాక్టరు అన్నారట. ఆ మాట నాకు చెప్పింది అప్పారావు గారే, మామూలుగా, నన్నేమీ అనుమానించకుండా.

మూడు వారాలు నేను వాళ్ళింటికి వెళ్ళలేకపోయాను. చివరికి ఆ రెండో జవాబు ప్రింటు తీసుకుని వెళ్ళాను. పిన్ని గోడవైపు వేసిన మంచం మీద ఉంది. మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. చేసిందంతా చెప్పి, ఆ నాలుగు వాక్యాలూ చదివాను. ఆ కాగితం చేతికి తీసుకుంది.

"నేను బయపడతాననేటి?"

అవునన్నాను.

"బయపడితే పడుదును. ఏడిసేసి, తెల్లారి ఆసుపత్రికి ఎల్దును. ఆయమ్మ పోయిందన్నప్పుడు కూడా ఎల్లినాను కదా, ఒక్క వారం ఆలీసం." కాగితం నాకు తిరిగిచ్చి అంది, "నిన్ను సదవమన్నాను గానీ ఏరమన్లేదు కదమ్మా."

కాళ్ళు పట్టుకోబోతే వద్దంది. తనకి తెలీదు కదా, ఎవరు ఎక్కడ పట్టుకున్నారో. ఆ సంగతి మామూలుగానే చెప్పింది. తర్వాత రెండు కోరింది. అప్పారావు గారికి ఈ మాట ఎప్పుడూ చెప్పొద్దంది. కోపిష్టి మనిషి, నీ కొట్టు మీదకొస్తాడు, దాంతో నా కాళ్ళొస్తాయా అంది. ఇక రెండోది, ఇన్నాళ్ళూ వదిలేసినవన్నీ తెచ్చి చదవమంది.

ఫోరంలో పాతవన్నీ ఉంటాయి. ప్రింటు తీసుకుని వారానికి రెండుసార్లు వెళ్ళి చదివాను. భయపెట్టేవి, ఏడిపించేవి, నాకే అర్థంకానివి, అన్నీ. కొన్నిచోట్ల ఆపమని చెయ్యెత్తేది, కాసేపటికి కానీమనేది. ఒకరోజు తనే జవాబు చెప్పి రాయించింది. నడుం నొప్పి తగ్గకపోతే మిషన్ వల్లేనని తోసేయకండి, నేను ఆగాను, మీరు ఆగొద్దు అని. ఎవరి వల్ల ఆగిందో రాయించలేదు. నేను రాస్తానంటే, "అది నీకూ నాకూ" అంది.

ఎనిమిది నెలలు అలా మంచం మీదే ఉండి వెళ్ళిపోయింది.

పెద్దకర్మ అయ్యాక అప్పారావు గారు సెంటర్‌కి వచ్చారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "నువ్వు సదివిపెట్టబట్టి అది దైర్యంగా ఉన్నాది బేటీ. నీ రునం తీర్సుకోలేను," అని చేతులు జోడించారు. ఆ చేతులు పట్టుకుని కిందికి దించాను. చెప్పనని పిన్నికి మాటిచ్చాను.

ఆ తర్వాత కూడా ఇలాంటి కాగితాలతో ఆడవాళ్ళు వచ్చారు. మొదటి రోజే అడిగేదాన్ని, అన్నీ చదవనా, మీరు ఆపమన్నచోట ఆపనా అని. భయపడతారనుకున్నప్పుడు పక్కన కూర్చునేదాన్ని, మెల్లగా చదివేదాన్ని, కావాలంటే ఆసుపత్రికి తోడు వెళ్ళేదాన్ని. ఆ రోజు పైడమ్మ పిన్నికి కూడా నేను చేయాల్సింది అంతే. చదివి, పక్కన కూర్చోవాల్సింది.