లెక్కపెట్టిన కొద్దీ మారిన ప్రోగ్రాం

ఆగస్టు పన్నెండు, మంగళవారం. హాజరైనవారు: మేనేజర్ సారు, సీనియర్ అన్న, కొత్తగా చేరిన ములుగు చెల్లె, నేను.

నా పాత డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. ఆ వయసులో, కాగితం మీద రాసుకున్న అంకె అబద్ధం చెప్పదని నాకు గట్టి నమ్మకం (మనుషుల సంగతి వేరు). సుబేదారిలో ఒక మేడ మీద, దవాఖానల్లో రోగులకు చీటీలిచ్చే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లం. ఏ ప్రోగ్రాంలో ఎన్ని వరుసలున్నాయో, దాన్ని ఎన్నిసార్లు మార్చారో లెక్కపెట్టడానికి నేనొక చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. ఎక్కువసార్లు మారినదే ముందు చెడిపోతుందని నా సిద్ధాంతం. మూడుసార్లు ఫలానాది ఆగిపోతుందన్నాను, మూడూ ఆగిపోయాయి. అప్పటినుంచి నేను పక్కకు వస్తే సీనియర్ అన్న తన కంప్యూటర్ మీద తువ్వాలు కప్పేవాడు. నాకు నాలుక మీద మచ్చ ఉందట, ఏదంటే అది జరుగుతుందట.

ఆ రోజు నా జాబితాలో ములుగు చెల్లె రాసిన చీటీల ప్రోగ్రాం అన్నిటికంటే పైన వచ్చింది. మర్నాడే దాన్ని దవాఖానలో చూపించాలి. మేనేజర్ సారు జాబితా చూసి, అది ఆగేదాకా చూడటం ఎందుకు, రేపటి నుంచి ఆమెను రావద్దన్నారు.

చెల్లె ఏడవలేదు. "నెల సంది నేను దాన్ని ముట్టనే లేదు సార్. అదే మారుతాంది," అన్నది.

మళ్లీ లెక్కపెట్టించాను. నలభై ఒక్క మార్పులు. ఇంకోసారి చూస్తే నలభై రెండు. ఈ మధ్యలో దాన్ని ఎవరూ తెరవలేదు. మూడోసారి నలభై మూడు.

"ఇగ చాలు తమ్మీ, జర బంద్ చెయ్," అన్నాడు అన్న గొంతు తగ్గించి. (సాయంత్రానికి ఆ కంప్యూటర్‌కు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడాయి.)

ఇంటికి పోయి ఇదంతా డైరీలో వరుసగా రాస్తుంటే తెలిసింది. నా ప్రోగ్రాం లెక్కకోసం ఏ ఫైలు తెరిచినా, మూసేటప్పుడు దాన్ని మళ్లీ సేవ్ చేస్తోంది. అదే ఒక మార్పు కింద లెక్కకొస్తోంది. కొత్తమ్మాయి కదా అని అందరికంటే ఎక్కువసార్లు ఆమెదే తెరిచి చూసింది నేను. (మరి మొదటి మూడూ ఎందుకు ఆగాయో ఇప్పటికీ తెలియదు.)

మర్నాడు ఉదయం అందరికంటే ముందు వెళ్లి సారుకు తప్పు ఒప్పుకున్నాను. ఆయన అంతా విని, "మరి నీ ప్రోగ్రాం లెక్క ఎంత?" అన్నారు. దాన్ని దానిమీదే నడిపించాను. తనను తానే తెరిచి మూసుకుంటూ అందరివీ దాటి పైకి వచ్చి కూర్చుంది. "అయితే ఆగేది ఇదే సార్," అన్నాను. మాట నోట్లో ఉండగానే ఆగిపోయింది. మళ్లీ తెరుచుకోలేదు.

సారు చెల్లెను మళ్లీ పిలిపించి దవాఖానకు పంపారు. ఒక్క చీటీ తప్పలేదు, ఆమె ఉద్యోగం నిలిచింది. తిరిగొచ్చి, "అన్నా, ఒక్కసారి నాలుక చూపెట్టు," అన్నది నవ్వుతూ. చూపించాను. ఆమె నవ్వు ఆగింది. ఏం కనిపించిందో చెప్పలేదు. నేనూ అద్దం జోలికి పోలేదు. కనిపించినదల్లా లెక్కపెట్టి రాసుకునే నాలోని ఆ కుర్రాడు, డైరీలో నాలుక సంగతి రాయాల్సిన ఆ ఒక్క వరుస మాత్రం ఖాళీగా వదిలేశాడు.