మా పిల్లి తాగిన నీళ్లు

మా పిల్లి రాణికి చాన్నాళ్లుగా విరేచనాలు. పాలు మానిపించాం, తిండి మార్చాం, మందులూ వేశాం. ఏదీ పనిచేయలేదు. ఈ రోజు మా దగ్గర్లోని ఉధ్నాలో పశువుల డాక్టరు పరీక్ష చేయించి, కలుషితమైన నీళ్ల వల్ల దాని పేగుల్లో క్రిములు చేరాయన్నాడు. ఏ నీళ్లు పెడుతున్నారని అడిగాడు. మేం తాగేవే అన్నాను. చీటీ రాస్తున్నవాడు ఆగి నా వైపు చూశాడు.

ఇంటికి రాగానే నేనూ మా ఆయనా కింద సంపు మూత తీశాం. మురుగు కంపు గుప్పుమంది. పక్కనున్న డ్రైనేజీ పైపు పగిలి, ఆ నీళ్లు గోడలోంచి సంపులోకి కారుతున్నాయి. బిల్డింగంతా తాగేది ఆ సంపు నీళ్లే.

పక్కింటి లచ్చక్కను పిలిచి చెప్పాను. "అక్కా, నల్లా నీళ్లు తాగకుండ్రి. సంపుల మురికి కలుస్తున్నది."

ఆమె మొహం పాలిపోయింది. "ఏందే గట్లంటవ్? మా పిల్లకు వారం సంది కడుపునొస్తున్నది. ఎండకేమో అనుకున్న."

బిల్డింగులో అందరికంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లింది మా పిల్లి రాణే. మీ సంపు మూత తీసి ఎన్నాళ్లయింది? చూసి చెప్పండి. ఇది రాస్తుంటే మా చిన్న కూతురు పొట్ట పట్టుకుని మళ్లీ బాత్రూముకు పరిగెత్తింది.