ఎల్డన్ ఎవరికీ చెప్పని చోటు

ఎల్డన్ స్కోగ్ ఒకప్పుడు తన వేటచోటును నమ్మి సొంత బావమరిదికి చూపించాడు. మరుసటి శరత్కాలంలో ఆ బావమరిది తన ఆఫీసు మొత్తాన్నీ వెంటబెట్టుకుని అక్కడ దిగాడు, మడతకుర్చీలతో, పాటలపెట్టెతో సహా. ఎల్క్ అనే పెద్ద దుప్పుల మందలు కొండ దాటి పోయాయి, మళ్లీ రాలేదు. ఆ తర్వాత ఎల్డన్ ఎక్కడ వేటాడేదీ తనకు తెలుసన్నవాడు ఊళ్లో ఒక్కడూ లేడు.

అమెరికాలోని ఆ మోంటానా కొండల్లో వేటగాళ్లెవరూ చెప్పరనుకోండి. ఎల్డన్ మాత్రం దాన్నొక వ్రతంలా పట్టాడు. ట్రక్కును ఒక లోయలో దాచి, కొండెక్కి, ఇంకో లోయలో దిగేవాడు. మంచులో తన అడుగుల్ని తానే కొమ్మతో చెరిపేసేవాడు. ట్రక్కులోంచి ఎల్క్ కొమ్ములు బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తున్నా, చేపలకు వెళ్లొచ్చానని చెప్పేవాడు.

"ఈ చేపకు కొమ్ములున్నాయేంట్రా?" అని పక్కింటి వెండల్ అడిగేవాడు.

"లోతు నీళ్ల చేపరా."

వెండల్‌ది చిన్ననాటి స్నేహం. అతనికీ అదే జవాబు, అందుకే అతనికి కడుపుమంట. దానికి తోడు ఎల్డన్‌కు ఇంకో దుర్గుణం. ఎవరింటికెళ్లినా పలకరింపులు కాకముందే కారు షెడ్డులోకి దూరి, మాంసం దాచుకునే ఫ్రీజర్ మూత ఎత్తి చూసేవాడు. ఎవరికెంత వేట పడిందో కూపీ లాగుతున్నాడని ఊరంతా నవ్వుకునేది. విసిగిపోయిన వెండల్ ఒకసారి తాళం వేశాడు. ఎల్డన్ నొచ్చుకుని కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఇలా ఉండగా టిన్‌కప్ లోయను అమ్మేస్తారని కబురొచ్చింది. అది ప్రభుత్వ భూమి. ఎవరి అనుమతీ అడగకుండా ఎవరైనా తుపాకీ భుజాన వేసుకుని నడిచిపోగల నేల. ఎక్కడి కోటీశ్వరుడో హెలికాప్టర్‌లోంచి చూసి ముచ్చటపడ్డాడు. కొంటే కంచె వేస్తాడు, గేటుకు తాళం వేస్తాడు, తర్వాత ఆ ఎల్క్‌లు అతని అతిథులకే.

బడి ఆటలహాల్లో సభ పెట్టారు. వచ్చిన అధికారి నెమ్మదిగా, మర్యాదగానే చెప్పాడు. "ఈ లోయను ఎవరూ వాడటం లేదండీ. ఏ వేటకాలంలోనూ ఆ దారిలో ఒక్క బండి ఆగినట్టు మేం చూడలేదు."

హాలు నిండా వేటగాళ్లే, ఒక్కడూ నోరు విప్పలేదు. వాడుతున్నానంటే చోటు బయటపెట్టినట్టే. ప్రతివాడూ తన టోపీలోకి చూసుకుంటున్నాడు. బండ్లు దాచడంలో అంత నేర్పు చూపి, తమ నేలను తామే ఖాళీ చేసి చూపించారు.

చివరికి ఎల్డన్ లేచాడు. పన్ను పీకించుకుంటున్నవాడి మొహం పెట్టి, "నేను వేటాడేది టిన్‌కప్‌లోనే. కలప మోసే పాతదారి పైన, నీటిబుగ్గ పక్క గడ్డిమైదానంలో," అన్నాడు.

వెండల్ కుర్చీలోంచి పడబోయి ఆగాడు.

వెనక వరసలోంచి మిర్నా లేచింది. మొగుడు పోయాక పిల్లల్ని వేటమాంసంతోనే పెంచిన మనిషి. "అది నాకొక్కదానికే చెప్పానన్నావు కదన్నా," అంది.

చెట్టు మీద పడి కాలు నలిగిన డ్వేన్ ఆమెవైపు తిరిగాడు. "నీకూ చెప్పాడా? నాచేత బైబిల్ మీద ఒట్టేయించాడు."

తర్వాత ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. చూస్తుండగానే సగం హాలు లేచి నిలబడింది. ఆ చోటు తనకు తప్ప ఇంకెవరికీ తెలియదని నమ్మినవాళ్లే అందరూ. ఏదో ఒక చలికాలంలో ఎల్డన్ మూత ఎత్తి చూసినప్పుడు ఫ్రీజర్ ఖాళీగా ఉన్న ఇళ్లవాళ్లే అందరూ.

అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అమ్మకం ఆగింది. శాశ్వతంగా అని కాదు, అలాంటి కోటీశ్వరులు మళ్లీ వస్తారు. అందుకే ఇకమీదట బండ్లన్నీ దారి పక్కనే, అందరికీ కనిపించేలా నిలపాలని వేటగాళ్లు తీర్మానించుకున్నారు. ఎల్డన్ మాత్రం ఆలోచించి చెబుతానన్నాడు.

బయటికొచ్చాక వెండల్ అతన్ని నిలదీశాడు. "ఊరందరికీ చెప్పావు. నాకెందుకు చెప్పలేదురా?"

"నీ ఫ్రీజర్ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది కదరా."

ఆ మరుసటి ఏడాది వెండల్ పనిచేసే కలప మిల్లు మూతపడింది. వేటా కలిసిరాలేదు. అతను ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు, అంతా బాగానే ఉందంటూ తిరిగాడు. మొన్న ఎల్డన్ వచ్చాడు, పలకరించకుండా నేరుగా షెడ్డులోకి నడిచాడు. ఈసారి తాళం లేదు. మూత ఎత్తాడు, కాసేపు చూశాడు, మెల్లగా దించాడు. అక్కడ వాళ్లిద్దరూ, ఓ ముసలి కుక్కా తప్ప ఇంకెవరూ లేరు. అయినా అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"టిన్‌కప్ సంగతి అందరికీ తెలిసిపోయిందిరా. ఇంకో చోటుంది. నీకొక్కడికే చెబుతున్నా, ఎవరికీ చెప్పకు."