నీలమ్మ కోరిన ఒడిబియ్యం

ఎండాకాలం హఫీజ్‌పేట బండల మీద గుడ్డు పగలగొడితే అట్టు అవుతుందని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది శుద్ధ అబద్ధం. అట్టు కాదు, మాడిపోతుంది. అటువంటి బండల మధ్య రెండు బర్రెలను పెట్టుకుని, వాటికి ఎక్కడి నుంచి తెచ్చేదో గాని పచ్చగడ్డి తెచ్చి వేసి, చుక్క నీళ్ళు కలపని పాలు అమ్మిన మనిషి నీలమ్మ. ఆమె పాల మీద కట్టిన మీగడ మీద కాకి వాలి, ఓ కునుకు తీసి, లేచిపోయేదట. కాకి సంగతి ఎలా ఉన్నా మీగడ మాత్రం నిజం.

ఆమె మొగుడు ఎల్లేశం రైలు పట్టాల మీద గ్యాంగ్ పని చేసేవాడు. ఒక్కతే బిడ్డ. తెల్లవారగానే నీలమ్మ పాలక్యాను నడుముకు ఆనించుకుని స్టేషను పక్కన కొత్తగా లేచిన ఇళ్ళ వరుసకు వెళ్ళేది. ఆ ఇళ్ళలో ఉండేవాళ్ళంతా కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు. వాళ్ళలో పెద్ద దిక్కు కామేశ్వరరావు భార్య జయలక్ష్మి.

ఈ జయలక్ష్మి ఇంటి గృహప్రవేశానికి వచ్చినవాళ్ళందరూ, ఒకరితో ఒకరు అనుకోకుండా, గోడ గడియారాలే తెచ్చారు. ఏ రెండూ ఒక మాట మీద ఉండేవి కావు. ఆ ఇంట్లో పన్నెండు కొట్టడం మొదలైతే ఒంటిగంట దాకా కొడుతూనే ఉండేవి. ఆ మోత భరించలేకే ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఇక మీదట ఈ వరుసలో ఎవరింట ఏ శుభకార్యం అయినా, ఆ ఇల్లాలు తనకేం కావాలో ముందే చెప్పాలి. మిగతావాళ్ళు కలిసి అదే ఇవ్వాలి. నోరు తెరిచి అడగడమా అని మొదట అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. తరువాత ఒకామె ఇడ్లీపాత్ర కావాలంది, వచ్చింది. ఇంకొకామె మడత కుర్చీ అంది, వచ్చింది. ఆ రుచి మరిగాక కోరికలన్నీ జయలక్ష్మి వంటింట్లో క్యాలెండరు వెనక వరుసగా ఎక్కాయి.

డెబ్భై మూడులో ఆంధ్రా, తెలంగాణా గొడవలు చల్లారి బస్సులు మళ్ళీ తిరగడం మొదలయ్యాక, ఆ ఆడవాళ్ళకు ఒక సంగతి గుర్తొచ్చింది. అంగళ్ళు మూసి, రోడ్ల మీద రాళ్ళు పడుతున్న రోజుల్లో కూడా వాళ్ళ పిల్లలకు పాలు ఆగలేదు. మీవాళ్ళు, మావాళ్ళు అని ఊరంతా కొట్టుకుంటుంటే నీలమ్మ పొలాల గట్ల వెంట క్యాను మోసుకొచ్చింది. అందుకని ఆమెకూ ఏదైనా ఇవ్వాలనుకున్నారు.

"మొహమాటపడకు నీలమ్మా. నీ మనసులో ఏముందో చెప్పు, అదే ఇస్తాం," అంది జయలక్ష్మి.

నీకేం కావాలి అని నీలమ్మను అంతకుముందు అడిగినవాళ్ళు దుకాణంలో షావుకారు, దవాఖానలో మందులిచ్చేవాడు, అంతే. ఆమె నాకేమొద్దమ్మా అని తప్పించుకుంది. జయలక్ష్మి రోజూ అడిగింది. ఒకరోజు పాలు కొలుస్తూ కొలుస్తూ నీలమ్మ చెయ్యి ఆగింది.

"ఒడిబియ్యం పోయించుకోవాలని ఉందమ్మా. ఏడేండ్లాయె."

అదేమిటని జయలక్ష్మి అడిగితే, నీలమ్మ ఓపికగా చెప్పింది. పసుపు కలిపిన బియ్యం ఉంటాయి. ఎండు కొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, వక్కలు, చీర, రవికెగుడ్డ ఉంటాయి. ముత్తయిదువలు దోసిళ్ళతో ఒడిలో పోస్తారు. అన్నీ చెప్పింది గాని, అది పుట్టింటివాళ్ళే తేవాలన్న మాట చెప్పలేదు. పొద్దు తూర్పునే పొడుస్తుందని ఎవరూ విడిగా చెప్పరు గదా.

నీలమ్మ పుట్టిల్లు గచ్చిబౌలి. పెద్ద బండ ఎక్కితే కనిపించేంత దూరం. అక్కడ ఆమె అన్న బాలనర్సయ్య ఉన్నాడు. ఏడేళ్ళ కింద వాళ్ళ తల్లి చనిపోయినప్పుడు నీలమ్మ ఇంట్లో బిడ్డకు అమ్మవారు పోసింది. అమ్మవారు ఉన్న ఇంటి మనిషి చావింటి గడప తొక్కకూడదు. నీలమ్మ వెళ్ళలేదు. తల్లి మొఖం చూడని దానికి పుట్టిల్లెందుకని బాలనర్సయ్య పదిమందిలో అన్నాడు. అన్నాక వెనక్కి తీసుకోవడం అతనికి చేతకాలేదు. ఏటేటా చుట్టుపక్కల ఆడవాళ్ళు పుట్టింటి బియ్యం ఒడిలో కట్టుకుని వస్తుంటే, నీలమ్మ బర్రెల వెనక ఏదో పని కల్పించుకునేది.

జయలక్ష్మికి తన కోరిక చెప్పిన కొన్నాళ్ళకే గచ్చిబౌలి నుంచి కుండలమ్ముకుంటూ వచ్చిన రామన్న ఒక కబురు తెచ్చాడు. బాలనర్సయ్య కొడుకు లగ్గం కుదిరింది. పెళ్ళికొడుకుకు మొదటి నూనె పెట్టవలసింది మేనత్త. ఊరి పెద్దలు గట్టిగా చెప్పారు. బాలనర్సయ్య మెత్తబడ్డాడు. ఒడిబియ్యం తీసుకుని తానే వచ్చి చెల్లెలిని పిలుచుకుపోతాడట. ఆ సాయంత్రం నీలమ్మ బర్రెలతో మాట్లాడింది గాని మనుషులతో మాట్లాడలేదు. నోటితో చెబితే దిష్టి తగిలి చెదిరిపోతుందని జయలక్ష్మికి కూడా చెప్పలేదు.

రెండు ఇళ్ళలోనూ బియ్యానికి పసుపు పట్టింది. ముందు పట్టింది జయలక్ష్మి ఇంట్లో.

ఆ ఉదయం నీలమ్మ క్యానుతో లోపలికి అడుగుపెట్టేసరికి పీట వేసి, ముగ్గు పెట్టి ఉంది. పళ్ళెం నిండా పచ్చని బియ్యం. మామిడాకు రంగు చీర, ఎర్ర అంచు. ఎప్పుడో మూటలవాడు బట్టలు పరిచినప్పుడు నీలమ్మ చూపు దాని మీద ఆగడం జయలక్ష్మి కనిపెట్టి ఉంచుకుంది. అంత శ్రద్ధ నీలమ్మ మీద కన్నతల్లి కూడా పెట్టలేదు. వరుసలోని ఆడవాళ్ళు భుజాలు పట్టి పీట మీద కూచోబెట్టారు. వాళ్ళలో నెలలు నిండిన వీరలక్ష్మి, మొదటి దోసిలి నాదేనంటూ ఆయాసపడుతూ వంగింది.

వద్దమ్మా అన్న మాట నీలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. కాని నిండు చూలాలు దోసిలి పట్టి నిలబడితే కాదనడం ఎలా? అది ఒక కారణం. రెండో కారణం ఏడేళ్ళుగా ఖాళీగా ఉన్న ఒడి. నీలమ్మ కొంగు పట్టింది. బియ్యం పడుతుంటే ఏడ్చింది. సంతోషం పట్టలేకపోతోందని వాళ్ళందరూ కళ్ళు తుడుచుకున్నారు.

ఇంటికి వచ్చిన మూటను చూసి ఎల్లేశం ఎవరు పోశారని అడిగాడు. ఆమె చెప్పింది. అతను లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"మీ అన్న బతికే ఉన్నడు గదనే," అన్నాడు.

పుట్టింట్లో మనిషి మిగలని ఆడదానికే పరాయివాళ్ళు ఒడి నింపుతారు. ఇద్దరూ కలిసి మూటను గడ్డివాము కింద దాచారు. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నారు.

మర్నాడే బాలనర్సయ్య వచ్చాడు. నెత్తి మీద మూట, వెంట్రుకల్లో కొత్త తెలుపు. మంచం మీద కూచుని నీళ్ళు తాగాడు. మేనకోడలిని దగ్గరకు పిలిచి, మొఖం మీది అమ్మవారి మచ్చలను వేలితో తడిమాడు.

"నువ్వెందుకు రాలేదో నాకు అప్పుడే తెల్సు సెల్లె. తెల్సి గూడ పంతానికి పోయిన. ఇగ అదంత మర్సిపో," అన్నాడు. మూట ముడి విప్పడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడు జయలక్ష్మి వచ్చింది. నీలమ్మ ఆ కంగారులో వదిలేసి వచ్చిన కుడకలు ఇవ్వడానికి, ఎండలో అంత దూరం నడిచి వచ్చింది. మంచం మీది మనిషి ఎవరో తెలిసి ఆమె ముఖం వెలిగిపోయింది.

"మీరేనా అన్నయ్యగారు? ఏడేళ్ళుగా ఒడిబియ్యం లేదని ఈవిడ ఎంత బెంగపెట్టుకుందోనండీ. అందుకే నిన్న మేమంతా కలిసి పోసేశాం. ఇక ఈవిడకు ఆ లోటు లేదు."

బాలనర్సయ్య చేతులు ముడి మీదే ఆగాయి. మంచి పని చేసిన్రమ్మా అని ఆమెకు దండం పెట్టాడు. విప్పిన ముడి మళ్ళీ వేశాడు.

"తెల్వక పోసిన్రన్నా," అంది నీలమ్మ.

"వాళ్ళకు తెల్వదు. నీకు తెల్సు గదా."

ఆమె మూట మీద చెయ్యి వేయబోతే, అతను దాన్ని తన వైపు లాక్కున్నాడు.

"లగ్గం పెట్టుకోని శుభమా అని పిలువొస్తి. నువ్వు నన్ను ముందే కాటికి సాగనంపినవు," అని లేచాడు. ఎల్లేశం వాకిలి దాకా వెంటపడి బతిమాలాడు. ఒక్క ఏడాదిలో ఒక ఒడిలో రెండు ఇళ్ళ బియ్యం పడవని చెప్పి బాలనర్సయ్య వెళ్ళిపోయాడు.

అన్నయ్యగారు భోంచెయ్యకుండా వెళ్ళారేమిటని జయలక్ష్మి నొచ్చుకుంది. లగ్గం పనులున్నయటమ్మా అని నీలమ్మ ఆమెకు మజ్జిగ ఇచ్చింది. ఆ తల్లికి అసలు సంగతి అప్పుడూ చెప్పలేదు, తరువాతా చెప్పలేదు. వరుసలోకి కొత్తగా ఎవరు కాపురానికి వచ్చినా, కోరుకున్నది ఇస్తే మనిషి ఎంత మురిసిపోతుందో చూడాలంటే మా నీలమ్మను చూడాల్సిందేనని జయలక్ష్మి చెప్పేది.

లగ్గం నాడు నీలమ్మ పిలుపు లేకుండానే బయలుదేరింది. కొండాపూర్ దాటి కొత్తగూడ దగ్గరికి వచ్చేసరికి గచ్చిబౌలి డప్పులు వినిపించాయి. దారి పక్కన బండ మీద కూచుంది. పొద్దు వాలే వేళకు పెళ్ళి భోజనం చేసి రామన్న అటుగా వస్తూ ఆమెను చూసి ఆగాడు.

పిల్లగానికి నూనె ఎవరు పెట్టారని అడిగింది. వాడకట్టులో వరుసకు అత్త అయ్యే ఒకామె పెట్టిందన్నాడు. ఆపైన చెప్పడానికి తడబడ్డాడు. ఆమె వదలలేదు.

"సొంత మేనత్త ఏదని ఆడపిల్లోళ్ళు అడిగిన్రు. మా సెల్లె లేదు అని చెప్పిండు మీ అన్న."

నీలమ్మ తల ఊపింది.

"ఎట్ల సచ్చిందని చెప్పిండు?"

పాలు పితికే వేళ దాటిపోతోంది. నీలమ్మ లేచి, చీరకు అంటిన దుమ్ము దులుపుకుని, హఫీజ్‌పేట వైపు నడిచింది.