మూడో రోజు పడిపోతుందన్న సిస్టరమ్మ

లింగంపల్లిలో సిస్టరమ్మ పోయిందని నిన్న ఫోన్ వచ్చింది. నాకు ముందు దుఃఖం రాలేదు, ఒళ్లు మండింది. బతికుండగా పలకరించని వాళ్లంతా ఇప్పుడు ‘చల్లని తల్లి’ అంటున్నారు. చల్లని తల్లి కాదు, నిప్పు. పసిపిల్లల వార్డులో నర్సుగా ఉన్న ఆవిడ చేత మూడేళ్లు తిట్లు తిన్నవాణ్ని, నాకు తెలుసు.

తొంభైల చివరి మాట. మాదాపూర్ రాళ్ల మధ్య అద్దాల మేడలు లేస్తున్నాయి. నేను కోస్తా నుంచి వచ్చిన కుర్ర డాక్టర్ని. మేం రిపోర్టులు తిరగేస్తుంటే ఆవిడ పిల్లల తొడ మీద చర్మం రెండు వేళ్లతో పట్టి చూసేది. కడుపులోనే చిక్కిపోయి పుట్టిన పిల్లకు నరంలోంచి పోషకం ఎక్కించడం మొదలుపెట్టామా, “మూడో రోజు ఫాస్ఫేట్ పడిపోతది, రాస్కోండ్రి” అనేది. రక్తంలో ఆ లవణం పడిపోతే పసికందుకు ఊపిరి తీసే సత్తువ కూడా ఉండదు. ఆవిడ చెప్పింది ఎప్పుడూ తప్పయ్యేది కాదు. అదే నాకు కడుపుమంట.

ఒక మేడ దగ్గర రాళ్లు మోసే తల్లికి అలాంటి ఆడపిల్ల పుట్టింది. మూడో రోజు రక్తం నేనే తీశాను. చుక్క రాకపోతే మడమ గట్టిగా పిసికాను. రిపోర్టు బాగానే వచ్చింది. తీసుకెళ్లి ఆవిడ ముఖం ముందు ఆడించాను.

“గట్ల పిసికితే రక్తకణాలు పగుల్తయి సార్. లోపలి ఫాస్ఫేట్ బయటికొచ్చి ఎక్కువ చూపెడ్తది. కాగితం కాదు, జర పిల్లను చూడుండ్రి.”

“నాకు పాఠాలు చెప్పకండి. మీ నర్సు పని మీరు చూసుకోండి.”

నేను అటు వెళ్లగానే ఆవిడ వేన్నీళ్లలో తడిపిన గుడ్డతో ఆ మడమ వెచ్చబెట్టి, పిసక్కుండా మళ్లీ రక్తం తీసి ల్యాబుకు పంపింది. నా మాట కాదన్నందుకు ఫిర్యాదు రాసి పెద్ద డాక్టరు చేతికిచ్చాను. సాయంత్రం రెండో రిపోర్టు వచ్చింది. ఫాస్ఫేట్ అడుగంటింది. వెంటనే మందు ఎక్కించాం, పిల్ల బతికింది. ఫిర్యాదు మాత్రం నేను వెనక్కి తీసుకోలేదు. ఆవిడను వార్డు నుంచి తీసేసి, ఓపీలో బరువులు తూచే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

“పిల్ల బతికింది గద. ఇగ నాకేం ఫికర్ లేదు” అంది పోతూ. ఆ మాట నాతో కాదు, తోటి నర్సుతో. నాతో మళ్లీ మాట్లాడనే లేదు. మంచి పని చేసింది.

కాగితం కాదు, పిల్లను చూడాలన్న విద్య నాకు నేర్పింది ఆవిడే. ఈ ముక్క అప్పుడే పెద్ద డాక్టరుకు రాసిచ్చి ఉంటే సరిపోయేది. ఇప్పుడు మీకు రాస్తున్నాను. సిగ్గులేని చెయ్యి నాది.

ఆర్నెల్లకు ఆ తల్లి పిల్లను తూకానికి తెచ్చింది. నేను ఓపీ గుమ్మంలో నిలబడి చూశాను. బరువు చూసి సిస్టరమ్మ నవ్వుతూ తలెత్తింది. నేను కనబడ్డాను. నవ్వు ఆపేసి, పిల్ల పాదాన్ని గుప్పిట్లో దాచుకుంది.